ఇనుమునకు ప్రాయశ్చిత్తము కలదా?

జడమైన వస్తువుకు పాపపుణ్యములు అంటవని మన పెద్దలు చెబుతారు. ఖడ్గము తనంత తానుగా ఎవరినీ నరకదు. సంకెల తనంత తానుగా ఎవరినీ బంధించదు. పట్టిన చేతిదే పాపము, పట్టిన చేతిదే పుణ్యము. వినుటకు ఈ మాట తేలికగానే ఉన్నది. కాని ఒక వస్తువు మన ఇంటిలోనే కొన్ని సంవత్సరములపాటు పరపీడనకు సాధనమై ఉన్నదని తెలిసినప్పుడు, దానిని చేతితో ఎత్తిన క్షణముననే ఆ సమాధానము చాలదని తోస్తుంది. అట్టి వస్తువును ఏమి చేయవలెను? దాచవలెనా, పారవేయవలెనా, లేక మరొక రూపమిచ్చి మంచిపనికి వినియోగించవలెనా? రూపము మారినంత మాత్రమున పూర్వచరిత్ర కూడ మారునా? ఈ ప్రశ్న వస్తువును గురించి అడిగినట్లు కనిపించును గాని, నిజమునకు ఇది మనిషిని గురించి అడుగవలసిన ప్రశ్న.

నల్లగొండ జిల్లాలోని మా స్వగ్రామములో మా తాతగారి నాటి ఇల్లు ఒకటి ఉన్నది. ఆ ఇంటి పశువుల కొట్టము శిథిలమైపోగా కొంతకాలము క్రిందట దానిని విప్పించినాము. దూలముల వెనుక నుండి ఒక ఇనుప గొలుసు బయటపడినది. మూడు బారల పొడవు. ఒక్కొక్క లంకె బొటనవ్రేలి లావు. పైన తుప్పు పట్టినది గాని లోపలి ఇనుము చెడలేదు. మా ఇంటికి ఇప్పుడు పెద్దదిక్కుగా మిగిలిన మా మేనత్త దానిని చూడగానే మొగము త్రిప్పుకొని, “అది జప్తు గొలుసు బిడ్డా” అన్నది.

ఆమె చెప్పిన కథ ఇది. నిజాము పాలన కాలమున మా తాతగారు ధాన్యము అప్పుగా ఇచ్చేవారు. దానిపై నాగువడ్డీ. అనగా పుట్టి ధాన్యము తీసుకొన్న రైతు పంట చేతికి రాగానే పుట్టిన్నర కొలిచి ఇయ్యవలెను. కొలువలేని వాని ఎద్దును తోలుకొని వచ్చి ఈ గొలుసుతో మా కొట్టములో కట్టివేసేవారు. అప్పు తీరినచో ఎద్దు ఇంటికి పోవును; తీరనిచో అది మా ఎద్దు అగును. 1946 నుండి 1951 వరకు మా జిల్లాలో సాగిన రైతు పోరాటమునకు వెట్టిచాకిరితోపాటు ఇట్టి అప్పులును ఒక కారణమని మనమందరము చదివినదే. కాని చదువుట వేరు. ఆ గొలుసు బరువు మన చేతికి తెలియుట వేరు.

దానిని పాత ఇనుప సామానువానికి తూకమునకు అమ్మివేయుదమని మా తమ్ముడు అన్నాడు. వాడపల్లికి తీసుకొనిపోయి, కృష్ణయు మూసియు కలిసే సంగమములో వదిలి రమ్మని మేనత్త అన్నది. నాకు మాత్రము మరొక ఆలోచన తోచినది. మా ఊరి నరసింహస్వామి గుడి వంటశాలలో కట్టెలు కొట్టుటకు మంచి గొడ్డలి లేదు. ఈ గొలుసును కరిగించి, సాగగొట్టించి, ఒక చేగొడ్డలి చేయించి స్వామికి సమర్పించినచో ఎట్లుండును? మేనత్త దానికి ఒప్పుకోలేదు. “మందిని ఏడిపించిన ఇనుముతోని కొట్టిన కట్టెల మీద సామికి ప్రసాదం వండుతరా?” అని అడిగినది. ఆ క్షణమున నా వద్ద సమాధానము లేదు.

సమాధానము కొరకు పురాణములను తలచుకొన్నాను. అక్కడ ఇనుమును గురించి, తేజస్సును గురించి రెండు కథలు ఒకదానికొకటి ఎదురుగా నిలిచి ఉన్నవి.

మొదటిది ముసలము కథ. సాంబునికి ఆడువేషము వేసి యాదవకుమారులు ఋషులను పరిహసించినారు. ఋషులు శపించగా ఇనుప రోకలి పుట్టినది. యాదవులు భయపడి దానిని అరగదీయించి పొడిచేసి సముద్రములో కలిపివేసినారు. ఆ పొడి ఒడ్డుకు కొట్టుకొని వచ్చి తుంగయై మొలిచినది; ఆ తుంగతోనే యాదవులు ఒకరినొకరు కొట్టుకొని నశించినారు. అరగక మిగిలిన చిన్న ముక్కను ఒక చేప మ్రింగగా, అది జరుడనే వేటకాని చేతికి చేరి బాణపు ములుకు అయినది. ఆ బాణమే శ్రీకృష్ణుని పాదమునకు తగిలినది. చూడుడు: రోకలి రూపము పోయినది, పొడి అయినది, గడ్డి అయినది, ములుకు అయినది. రూపములు ఎన్ని మారినను ఫలము మారలేదు.

రెండవది విష్ణుపురాణములోని కథ. సూర్యుని వేడిమిని భరించలేక సంజ్ఞాదేవి భర్తను విడిచిపోయినది. అప్పుడు ఆమె తండ్రియైన విశ్వకర్మ సూర్యుని తిరుగుడుయంత్రము మీద నిలిపి, ఆయన తేజస్సులో ఎనిమిదవ వంతు చెక్కివేసినాడు. ఆ రాలిన తునకలను పారవేయలేదు. వానితోనే శ్రీమహావిష్ణువునకు చక్రమును, శివునకు త్రిశూలమును, కుమారస్వామికి శక్తిని తయారుచేసినాడు. ఇంటిలో భార్యకు భరింపరాని తాపమైనదే లోకమునకు రక్షకమైన సుదర్శనమయినది.

మొదటి కథలో మార్పు కీడును ఆపలేదు. రెండవ కథలో మార్పు కీడును మేలు చేసినది. ఈ భేదము ఎక్కడ ఉన్నది? యాదవులు ఋషుల పాదములపై పడినట్లు కథలో లేదు. తాము చేసిన తప్పును చూడలేక, కంటికి కనబడకుండ చేయుటకే వారు రోకలిని అరగదీసినారు. విశ్వకర్మ సూర్యుని అంగీకారముతో, సూర్యుని ఎదుటనే, కావలసిన పనిని తలచుకొనియే చెక్కినాడు. ఒకటి దాచుట, మరొకటి మలచుట. ఇట్లు ఆలోచించగా గొలుసును సంగమములో వదలుమన్న సలహా నాకు మరింత నచ్చలేదు. అది యాదవులు చేసిన పనియే గదా!

కనుక గొలుసును కమ్మరి వద్దకు తీసుకొని వెళ్ళినాను. వృద్ధుడు, ఆయన కొలిమిలో తోలుతిత్తికి బదులు ఇప్పుడు కరెంటు బ్లోయరు ఉన్నది గాని, దాగలి మాత్రము తాతల నాటిది. గొలుసును త్రిప్పి చూచి, “ఇది మెత్తని ఇనుము పటేలా. ఎంత కాల్చి ముంచినా పదును నిలువదు. ఉక్కు కలపాలె” అన్నాడు. లారీ కమాను పట్టీ ఒకటి తెచ్చినాడు. లంకెలను విడగొట్టి కాల్చి పలకలుగా సాగగొట్టి, గొలుసు పలకలు నాలుగు, కమాను పలకలు మూడు, ఒకదానిపై ఒకటి పేర్చి తీగతో బిగించవలెను. ఆ కట్టను తెల్లని పసుపు రంగు వచ్చునంత వరకు కాల్చి, వెలిగారము చల్లి, మొదట మెల్లగా, తరువాత గట్టిగా సమ్మెటతో కొట్టవలెను. 7 పొరలు అతికి ఒకటి అగును. దానిని సాగగొట్టి మధ్యకు మడిచి మరల అతుకవలెను. నాలుగు మడతలకు 112 పొరలు.

లంకెలకు పట్టిన తుప్పు గీకే పని ఆయన నాకే ఒప్పగించినాడు. నేను పై తుప్పు గీకి, లంకెల అతుకుల సందులలో ఉన్నదానిని అట్లే వదిలివేసినాను. అగ్నిలో పడిన తరువాత తుప్పు ఎక్కడ నిలుచునని నా ధీమా. మొదటి అతుకు చూచుటకు చక్కగానే కుదిరినది. కాని ఆయన కట్టను నిలువుగా నిలిపి ఒక్క దెబ్బ వేయగానే ఒక పొర పెదవివలె విచ్చుకొన్నది. “నడుమ చిట్టెం నిలిచింది పటేలా. పైకి అతికినట్లే కనబడ్తది. కట్టె మీద కొట్టిననాడు విచ్చుకుంటది” అన్నాడు. వెలిగారము ఎందుకని అడిగినాను. అది వేడికి కరిగి, ఇనుముపై ఏర్పడే పొలుసును కూడ కరిగించి, సమ్మెట దెబ్బకు ఆ మురికితోసహా వెలికి చిమ్మునట. అది దాచదు, వెలికి తీయును. కాని సందులలో గట్టిపడిన తుప్పును చేతితోనే గీకవలెను, వెలిగారము దానిని మోయలేదు.

ఆ సాయంకాలము కొలిమి దగ్గర కూర్చున్నవారిలో ఒక వృద్ధరైతు ఉన్నాడు. ఆయన తాతగారి ఎద్దు ఆ గొలుసుకు కట్టబడినదని, తిరిగి పోలేదని మా మేనత్త చెప్పియే ఉన్నది. ఆ సంగతిని నలుగురి ఎదుట నేనే ఎత్తి, ఈ గొలుసును స్వామిసేవకు గొడ్డలిగా చేయించుచున్నానని చెప్పినాను. నిజము చెప్పవలెనన్న, ఆయన సంతోషించునని లోలోపల ఆశించినాను. ఆయన బీడీ ఆర్పి, కొంచెము సేపు నిప్పులవైపు చూచి, “గొడ్డలి చేపిస్తున్నరు, మంచిదే పటేలా. మరి ఎద్దు?” అన్నాడు.

ఆ మాటకు నా పాండిత్యమంతయు చల్లారిపోయినది. నేను పై తుప్పు మాత్రమే గీకినాను. అది ఇనుము విషయములోనే కాదు. ఒకని సొత్తు తీసుకొని, ఆ సొత్తును కట్టిన గొలుసును దేవునికి ఇచ్చినచో ఋణము తీరునా? పరస్వమును అపహరించినవాడు దానిని తిరిగి ఇచ్చిన తరువాతనే ప్రాయశ్చిత్తమునకు అర్హుడగునని మన ధర్మశాస్త్రము చెబుతున్నది. దేవునికి సమర్పణ, మనిషికి ఋణవిమోచనము. మొదటిది రెండవదానికి బదులు కానేరదు. భగవంతుడు ఆ రైతులోను అంతర్యామిగా ఉన్నాడని నమ్మే మనకు ఇది మరింత స్పష్టముగా తెలియవలసినది.

వారము దినములలో ఎద్దుల జత వెల ఆయనకు తెచ్చి ఇచ్చినాను. ఒక ఎద్దు పోయినచో జోడు చెడును, కాడి నిలిచిపోవును. అందుచేత జత వెల. ఆయన లెక్కపెట్టుకొని తీసుకొన్నాడు. నన్ను ఆశీర్వదించలేదు, ఆశీర్వదించవలసిన పనియు లేదు. ఆ గొలుసుకు కట్టబడిన తక్కిన ఎద్దులు ఎవరివో మా మేనత్తకు గుర్తులేదు. ఆ ఋణము అట్లే ఉన్నది.

రెండవసారి సందులన్నియు గీకినాను. అతుకు నిలిచినది. శుభ్రముగా గీకినందువలననే నిలిచినది; ఇందులో మహిమ ఏదియు చెప్పబోను.

ఇట్లు పొరలుగా అతికిన ఇనుమును నేడు లోకమంతట డమాస్కస్ ఉక్కు అంటున్నారు. అమెరికాలో విలియం మోరన్ అను కమ్మరి 1973లో ఈ విధమైన కత్తులను ప్రదర్శించిన తరువాత అక్కడ ఈ విద్య మరల వ్యాపించినది. పాత గొలుసులను అతికి, ఆ దేశపు ఆదివాసుల చేగొడ్డలి అయిన టోమహాక్‌ను చేసే కమ్మరులు కూడ అక్కడ ఉన్నారు. కాని డమాస్కస్ అన్న పేరుతో ఒకప్పుడు ప్రసిద్ధికెక్కిన కత్తులు పొరలు అతికినవి కావు. అవి దక్షిణదేశపు మూసలలో కరగిన ఉక్కుతో చేసినవి. ఐరోపావారు దానిని ‘వుట్జ్’ అన్నారు; అది మన ‘ఉక్కు’ మాటకే వికృతి అని పండితులు తలుస్తారు.

మన తెలంగాణములో దానికి పేరుపొందిన ఊరు నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము. 1820 ప్రాంతములలో అక్కడికి వెళ్ళిన వైద్యుడు హెన్రీ వాయ్‌సీ చూచి వ్రాసిన విషయములు, ఆయన మరణానంతరము, 1832లో అచ్చయినవి. రెండు చోట్ల నుండి వచ్చిన రెండు విధముల ఇనుమును కలిపి మూసలలో కరగించుటను, ఆ ఉక్కు కొరకు పారశీక దేశపు ఇస్ఫహాన్ నుండి వర్తకుడు వచ్చి ఉండుటను ఆయన పేర్కొన్నాడు. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819 నుండి కొన్ని సంవత్సరములు ఈ ఉక్కు రహస్యము కొరకు శ్రమించినాడు. దానిపై అలలవలె కనిపించే చారలు ఎట్లు వచ్చునో చాలకాలము తేలలేదు. 1998లో వర్హోవెన్ అను శాస్త్రవేత్త, పెండ్రే అను కమ్మరి కలిసి ప్రకటించిన విషయము నన్ను ఆలోచింపజేసినది. ఇనుపరాతిలో నుండి వచ్చిన వెనేడియము వంటి ఇతర లోహముల అతిస్వల్పమైన అంశలు ఉన్నప్పుడే ఆ చారలు ఏర్పడునట. మలినమని మనము అనుకొనే అంశయే ఆ ఉక్కునకు అందమైనది!

అయితే చిట్టెమును మలినమే, వెనేడియమును మలినమే. ఒకటి అతుకును విడదీసినది. మరొకటి చారలను తెచ్చినది. ఎందుకు? చిట్టెము ఇనుముతో కలియదు. రెండు పొరల నడుమ దాగి, రెండింటినీ వేరుచేయును. వెనేడియము ఇనుములో కరగి, దానిలో భాగమై నిలుచును. మన పూర్వచరిత్రకు సైతము ఇదియే నియమమని నాకు తోస్తున్నది. దాచిన తప్పు చిట్టెము. అది ఏనాడో ఒకనాడు మనిషిని విడదీయును. ఒప్పుకొని, తీర్చవలసినది తీర్చి, మనలో కలుపుకొన్న తప్పు చారయై మిగులును. చార చెరగదు, చెరగనక్కరలేదు.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతునకు మట్టి, బంగారము, ఇనుము అను మూడు దృష్టాంతములు చెబుతాడు. ఒక గోళ్ళగోరును తెలిసికొన్నచో ఇనుముతో చేసిన సర్వమును తెలిసికొన్నట్లే. ఈ వాక్యమును కొందరు, ఇనుము మాత్రమే సత్యము, రూపములు మాటమాత్రములే అని గ్రహించినారు. శ్రీ రామానుజాచార్యులవారు రూపమును మిథ్య అని త్రోసివేయలేదు. ఒకే ద్రవ్యమునకు కలిగే వేరువేరు అవస్థలు సత్యములే అన్నారు. ఈ సిద్ధాంతము మన గొలుసునకు అన్వయించి చూడుడు. ఇనుము ఒక్కటే గనుక గొలుసు ఎన్నడును లేదు అనుకొనుటకు వీలులేదు; ఆ ఎద్దు దుఃఖము, ఆ రైతు దుఃఖము నిజము. అట్లే గొడ్డలి ఇప్పటికిని గొలుసే అనుటకును వీలులేదు. ఈ అవస్థయు నిజమే. మారుటకు అవకాశము నిజముగా ఉన్నది, చేసినదానికి బాధ్యతయు నిజముగా ఉన్నది. మనకు ఆచార్యులు తాపసంస్కారము చేసినప్పుడు కాలిన శంఖచక్రములు భుజములపై పడినవి. నిన్నటి మనిషియే నేడు దాసుడగుచున్నాడు. నిన్నటిది అబద్ధమని ఎవరును అనలేదు.

అదే అధ్యాయము చివర మరొక దృష్టాంతము ఉన్నది. దొంగ అని పట్టుకొనివచ్చిన వానిచేత కాలిన గొడ్డలిని పట్టింతురు. సత్యముతో తనను కప్పుకొన్నవాడు కాలడు. అసత్యముతో కప్పుకొన్నవాడు కాలును. మా కొలిమి వద్ద వృద్ధరైతు అడిగిన రెండు మాటలు నాకు ఆ కాలిన గొడ్డలియే. నా చేయి కొంత కాలినదని ఒప్పుకొనుటయే ధర్మము.

గొడ్డలికి చివరి పనులు మిగిలినవి. అంచులో ఉక్కు పలక నిలిపి అతికి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచినాడు. ఇక పదును వచ్చినది గదా అన్నాను. “ఇప్పుడు ఇది గాజు వంటిది పటేలా. ముడి మీద తగిలితే పెచ్చు లేస్తది. మల్ల సన్నని సెగ మీద కాచి బిరుసు తగ్గియ్యాలె” అన్నాడు. పరశురాముడు ఇరువదియొక్క మారులు గొడ్డలి ఎత్తిన తరువాత భూమిని కశ్యపునకు దానమిచ్చి తపస్సునకు వెళ్ళినాడు. పశ్చాత్తాపపడిన మనిషికి కూడ ఈ రెండవ సెగ కావలెను. తన తప్పును తెలిసికొన్న కాఠిన్యముతో ఇతరుల తప్పులను నరకబోయినవాడు తానే పెచ్చులూడిపోవును.

తుమ్మకర్ర కామ దిగగొట్టి, అన్నభేది కలిపిన నీళ్ళతో గొడ్డలి మొగమును తుడిచినాడు. ఉక్కు పొరలు నల్లగను, గొలుసు పొరలు తెల్లగను తేలినవి. దానిని మేనత్త ముందర పెట్టినాను. ఆమె చాలసేపు చేతితో తడిమి, “తెల్లగున్నది ఆ గొలుసేనా?” అని అడిగినది. అవునన్నాను. “కనబడుతనే ఉన్నది గద. అయితే ఇయ్యిండ్రి” అన్నది. దాచినారనుకొన్నందువలననే ఆమె మొదట కాదన్నదని అప్పుడు నాకు అర్థమైనది.

మహబూబ్‌నగర్ ప్రాంతపు కురుమూర్తిస్వామి జాతరకు వెళ్ళిన భక్తులు ఉద్దాల ఉత్సవమును చూచియే ఉందురు. చచ్చిన పశువు తోలు, లోకము తక్కువ చేసిన చేతుల పని. అదియే స్వామి పాదుకలై భక్తుల శిరస్సులకు తాకుచున్నది. స్వామికి పనికిరాని ద్రవ్యము లేదు. కాని ఆ తోలు తోలుగానే, ఆ చేతులు ఆ చేతులుగానే అక్కడికి వచ్చినవి, మారుపేరుతో రాలేదు.

కనుక ఇనుమునకు ప్రాయశ్చిత్తము కలదా అన్న ప్రశ్నకు నాకు దొరికిన సమాధానము ఇంతే. ఇనుమునకు అది అక్కరలేదు; ఇనుమును పట్టిన మనకు కావలెను. మన ఇండ్లలో, మన మనస్సులలో దూలముల వెనుక దాగిన గొలుసులు ఇంకను ఎన్ని ఉన్నవో మనకే తెలియును. వానిని సంగమములో కలుపక, స్వామి ఎదుటను, నష్టపడినవారి ఎదుటను వెలికి తీయు ధైర్యమును, తీర్చవలసినది తీర్చు బుద్ధిని శ్రీ లక్ష్మీనృసింహస్వామి మనకు అనుగ్రహించుగాక!